సత్యకుమారి షరతులు

సత్యకుమారి జిలానీ బాషా నోరు మూయించిన రోజు నేను అక్కడే ఉన్నాను. చేతిలో కత్తి, కత్తి కింద చేప. ఆమె గెలిచింది ఆ చేపను అడ్డం పెట్టుకునే కాబట్టి ఈ మాట అనడానికి నాకు హక్కుంది.

అది 2020, చలి మొదలైన రోజులు. దుబాయ్‌కి ఎగువన ఉమ్ అల్ క్వైన్‌లో ఒక తెల్ల సారు ఇంట్లో మేం ముగ్గురం పనిచేసేవాళ్ళం. వంట నాది. ఇల్లు సర్దడం, వడ్డించడం సత్యకుమారిది. కడప నుంచి వచ్చిన జిలానీ డ్రైవరు. సారుది బ్రిటన్. ఆ దేశం యూరపు దేశాల ఉమ్మడి బేరంలోంచి బయటికి వచ్చేసింది గాని, ఏ షరతుల మీద వచ్చిందో ఇంకా తేలలేదు. ఏడాది చివరితో గడువు అయిపోతుంది. సారూ మేడమూ అన్నం దగ్గర రోజూ దాని మీదే పడేవారు. ఏ ఒప్పందమూ అక్కర్లేదు, మా సముద్రం మాది, మా చేపలు మావి అని సారు. మేడం పుట్టిల్లు ఐర్లాండులో బ్రిటన్ కింద ఉన్న ముక్కలో, సరిహద్దు పక్కనే. వాళ్ళ నాన్న ఆవులు బ్రిటన్ గడ్డ మీద మేస్తే, పాలు పోసే కేంద్రం అవతలి దేశంలో ఉంది. మధ్యన గేటు పడితే మా నాన్న పాలు ఎవడు తాగుతాడని ఆవిడ బాధ.

ఆ వాదన ఎంగిలి పళ్ళేలతోపాటు వంటింట్లోకి వచ్చేది. మోసుకొచ్చేది సత్యకుమారే. ముందు దుబాయ్‌లో గోవా వాళ్ళ ఇంట్లో చేసినప్పుడు ఇంగ్లీషు పట్టుకుంది. నేను ఈ దేశానికి ఆమెకంటే ఎంతో ముందు వచ్చాను, ఈ వంటిల్లు ఆమెకంటే ముందు నాది. అయినా సారూ మేడం ఏమనుకున్నారో నేను ఆమెను అడిగి తెలుసుకోవాలి. నేను అడగను. ఆమే చెప్పేది. అది ఇంకా మంట.

ఆ రోజు జిలానీ రేవు దగ్గర బజారు నుంచి షేరీ చేపలు తెచ్చి బల్ల మీద పోసి, సారు పక్షాన వకాల్తా పుచ్చుకున్నాడు.

"పోయేటోడు తలుపేసుకోని పోవల్ల. మల్ల షరతులేంది? ఖలాస్ అంటే ఖలాసే. వాళ్ళ చేపలు వాళ్ళవి" అన్నాడు.

సత్యకుమారి గిన్నె తుడుస్తూనే అడిగింది. "ఈ సేప ఎవరు పట్టారు తమ్ముడూ?"

"ఇక్కడోళ్ళు."

"తినేదెవరు?"

"మనమే."

"రేపు ఆళ్ళు బజారు గేటేసుకుని, మా సేపలు మావి, ఎవరికీ అమ్మం అన్నారనుకో. సాయంత్రానికి కంపు ఎవరి ముక్కుకి తగుల్తాది? నీకా, ఆళ్ళకా?"

జిలానీ నవ్వాపుకోలేక రెండు చేతులూ ఎత్తేశాడు. "సరే అక్కా. ఈ దఫాకు నువ్వే గెలిసినావు" అన్నాడు. అప్పుడే మంచినీళ్ళకి వచ్చిన మేడం ఏమిటని అడిగింది. సత్యకుమారి ఇంగ్లీషులో చెప్పింది. మేడం పకపకా నవ్వి ఆమె భుజం తట్టింది. చేప బాగు చేసింది నేను. మోచేతుల దాకా పొలుసు అంటింది నాకు. సొమ్మొకడిది, సోకొకడిది.

మనిషి చూడటానికి ఏమీ ఉండదు. రాజోలు పక్క పల్లె. సన్నగా చీపురుపుల్లలా ఉంటుంది, ముందుపన్ను ఒకటి వంకర. నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది, అది కూడా జనం ముద్దుగా చూస్తారు. నా పళ్ళు వంకర కావు. నన్నెవరూ చూడలేదు. నాకు చదువు మూడో తరగతితో సరి, ఆమెది ఐదు. ఆ రెండు తరగతుల్లోనే ఉన్నట్టుంది ఈ గొప్పంతా.

అలాంటి మనిషి, శుక్రవారం వస్తే మారిపోయేది. ఆ రోజు సెలవు కదా, మొగుడు సూరిబాబు సజ్జాలో కూలీల క్యాంపు నుంచి వచ్చేవాడు. మా గది ఇంటి వెనక. గుమ్మం ముందు నీడలో పీట వేసుకుని కూర్చునేవాడు. చెడ్డవాడని నేను అనను. తాగడు, అరవడు. నన్ను "అత్తయ్యగారూ" అని మన్నించి పిలుస్తాడు. అంతా మెత్తగానే చెప్తాడు. కాకపోతే తాను అనుకున్నదే చెప్తాడు. ఆమె సంపాదనతో ఊళ్ళో కట్టిన ఇల్లు తన పేర రాయించుకున్నాడు, మెత్తగా. వెనక గదిలో ఆమె తల్లి ఉంటుంది. ముందు వాటాలోకి తన తమ్ముడి కుటుంబాన్ని దింపాడు, అదీ మెత్తగా. ఆ తమ్ముడు పక్క సందుకి తలుపు పెట్టించి తాళం వేశాడు. ఆ సందులోంచే నూతికి దారి. ముసలామె బిందె పట్టుకుని ఊరి ఇళ్ళ చుట్టూ తిరిగి నీళ్ళు తెచ్చుకుంటోంది.

సత్యకుమారికి ఇది నిద్ర పట్టనిచ్చేది కాదు. సూరిబాబుతో ఇక కాపురం వద్దనుకుంది. వేరుపడాలి, తల్లికి దారి నిలబెట్టుకోవాలి. నాతో అన్ని విధాలా చెప్పేది. కాని శుక్రవారం అతను పీట మీద కూర్చోగానే, అన్నం పెట్టి, విసనకర్ర పట్టుకుని నిలబడిపోయేది. "తాళం సంగతేమైంది?" అని నోటిదాకా వచ్చిన మాట "కూర ఇంకొంచెం వేయమంటారా?" అయిపోయేది. మేడం తరఫున నోరు, తన తరఫున మూగ. నాకు లోపల్లోపల బాగానే ఉండేది, దాచను. ఇదేనా జిలానీని చిత్తు చేసిన సరుకు అనుకునేదాన్ని.

మా వైపు ఆలుమగలు వేరుపడితే ఆడమనిషి తన మాట తాను చెప్పుకోదు. ఆమె పక్కనుంచి పెద్ద ఆడది ఒకరు మొగుడికి ఎదురుగా కూర్చుని, మా పిల్లకి ఇదీ కావాలి, ఇదీ వద్దు అని చెప్పాలి. తల్లో, మేనత్తో. సత్యకుమారి తల్లి సముద్రం అవతల ఉంది. మేనత్తలు లేరు.

నాకు మాత్రం అంత తతంగం ఎప్పుడు జరిగింది? మా ఆయనతో కాపురం చేసినన్నాళ్ళూ నీకేం కావాలని అడిగినవాళ్ళు లేరు. ఆయన పోయినప్పుడు కూడా అడగలేదు. వేరుపడేదానికి షరతులుంటాయని నాకు తెలిసింది ఈ తెల్లవాళ్ళ ఇంట్లో ఎంగిలి పళ్ళేలు కడుగుతూనే. ఆమెకి షరతులున్నాయి. అడగలేకపోయినా ఉన్నాయి. నాకు అదే కడుపుమంట, పన్ను వంకర కాదు.

క్రిస్మస్ ముందు రోజు ఒప్పందం కుదిరిందని టీవీలో వచ్చింది. నేను కోడి మసాలా పట్టిస్తున్నాను. హాల్లో ముందు సారు గొంతు లేచింది, తర్వాత మేడంది. సత్యకుమారి గ్లాసులు పట్టుకుని వచ్చింది. ఎవరు గెలిచారని జిలానీ అడిగాడు. ఆమె నా పక్కన వచ్చి నిలబడింది.

"సారుకి అడిగినన్ని సేపలు రాలేదంట పిన్నీ. మేడం కూడా మొకం ముడుసుకునే ఉంది. బయటికి పోకుండా ఉంటే బాగుండేదంటంది."

"ఇద్దరూ ఓడిపోతే ఇన్నాళ్ళ గోల ఎందుకే?" అన్నాను.

"పాల బండి ఆగదంట. ఆ దారి మాత్రం తెరిసే ఉంటాదంట."

ఆ మాట ఇంకోసారి అంది, ఈసారి నాతో కాదు. గ్లాసులు కడగకుండానే గదిలోకి వెళ్ళిపోయింది. అవి కూడా నేనే కడిగాను.

మర్నాడు క్రిస్మస్, పైగా శుక్రవారం. సూరిబాబు మధ్యాహ్నానికి వస్తానని కబురు చేశాడు. పొద్దున్నే ఉల్లిపాయలు తరుగుతుంటే సత్యకుమారి నా ఎదురుగా నేల మీద చతికిలబడి, నా చేతిలో కత్తి తీసి పక్కన పెట్టింది. నా వంటింట్లో నా కత్తి ముట్టుకున్నవాళ్ళు అంతవరకు లేరు. తిడదామనే నోరు తెరిచాను.

"పిన్నీ, ఇయ్యాల నేను అన్నం వడ్డిస్తాను. నువ్వు ఆయనకి ఎదురుగా కూసో" అంది. "ఇల్లు నువ్వే ఉంచుకో అని సెప్పు. ముందు వాటా తమ్ముడికే ఇచ్చుకోమను, నాకేం వద్దు. నేను ఇంక ఆయన దగ్గరికి రానని సెప్పు. అమ్మ బతికున్నంత కాలం వెనక గది అమ్మది. సందు తాళం తియ్యాలి, నూతికి దారి తెరిసే ఉంచాలి. దీంట్లో మాత్రం తగ్గొద్దు. ఆయన మెత్తగా మాటాడతాడు, నువ్వు మెత్తబడకు."

ఇంగ్లీషు వచ్చినదానివి, జిలానీని ఓడించినదానివి, నువ్వే చెప్పుకోరాదా అన్నాను. ఆ మాట గొంతులో చాలా రోజుల నుంచి నిలవ ఉంది.

ఆమె ఉల్లిపాయ తొక్కలు ఒక్కొక్కటే ఏరి పళ్ళెంలో వేసింది. కళ్ళు తుడుచుకుంది గాని, ఉల్లిపాయలు అక్కడే ఉన్నాయి, ఏమీ అనలేం.

"నేను సెప్తే పెళ్ళాం గొణిగిందంటాడు. నువ్వు సెప్తే మాట అవుతాది" అంది. "మొదలెట్టేటప్పుడు మాత్రం, సత్యకుమారి ఇలాగంటంది అనకు పిన్నీ. 'మా పిల్ల' అని మొదలెట్టు."