ఎలుకలు కొరకని పెట్టె

నా చిన్నప్పుడు హుస్సేనీ ఆలంలో మా ఇంటికీ పక్కింటికీ మధ్య ఒకటే గోడ. ఆ గోడవతల పెద్దన్న, అక్క, చిన్నన్న అని నేను పిలుచుకునే ముగ్గురు తోబుట్టువులు ఉండేవారు. పెద్దన్నది సితార్, చిన్నన్నది హార్మోనియం పెట్టె, అక్కది కమానుతో వాయించే దిల్‌రుబా. వాళ్ల నాన్న పోతూ ఇచ్చిన ఆస్తి ఆ మూడు వాయిద్యాలే. అక్కకు పదహారేళ్లకే భర్త పోతే అన్నదమ్ములు వెళ్లి తెచ్చుకున్నారు. లోకం చేసినట్టు మూలన కూర్చోబెట్టకుండా ఆమె చేతికి కమాను ఇచ్చారు. నవాబుల దేవిడీల్లో, పెళ్లిళ్లలో ముగ్గురూ కలిసి కచేరీ చేసేవారు. అక్క మాత్రం వెదురు తెర చాటున కూర్చునేది.

నేను పెరిగింది వాళ్లింట్లోనే అంటే అబద్ధం కాదు. అన్నం మా ఇంట్లో, మిగిలిన పొద్దంతా అక్క పక్కన. నోరు మాత్రం నాది పెద్దది. "దీని నోట్ల నువ్వుగింజ నానదు" అని మా అమ్మ గల్లీ అంతా చెప్పేది.

వాళ్ల కచేరీ మొదలుపెట్టడంలో ఒక పద్ధతి ఉండేది. ముందు అక్క ఏ ఆధారమూ లేకుండా, తన మనసులో ఉన్న 'సా'కి తీగను శ్రుతి చేసేది. పెద్దన్న తన సితార్‌ను ఆ తీగకు కలుపుకునేవాడు. అప్పటిదాకా చేతులు కట్టుకుని కూర్చున్న చిన్నన్న అప్పుడు హార్మోనియం మీద 'సా' మెట్టు నొక్కేవాడు. మూడు వాయిద్యాల నాదం ఒకటైపోయేది. వెంట్రుకవాసి తేడా ఉండేది కాదు. రాగం ఎత్తుకోకముందే జనం వాహ్వా అనేవారు. తెర వెనక అక్క తల వంచుకుని నవ్వేది. ఆ నవ్వు ఆమె పక్కనున్న నాకొక్కదానికే కనిపించేది.

నాకు తొమ్మిదేళ్లప్పుడు అక్కకు పెద్ద జ్వరం వచ్చింది. నలభై రోజులు మంచం దిగలేదు. ఎలాగో బతికింది గానీ, జ్వరం పోతూ పోతూ చెవులను కొంత పట్టుకుపోయింది. పిలిస్తే రెండోసారికి గాని పలికేది కాదు. అయినా కమాను పట్టుకుంటే చాలు, ముఖంలోకి ప్రాణం వచ్చేది. ఆ రోజుల్లోనే చిన్నన్న హార్మోనియం మానేసి తబలా ముందు కూర్చున్నాడు. ఏమైందని అడిగితే, "పెట్టెను ఎలుకలు కొరికినయ్ బిడ్డా, గాలి నిలుస్తలేదు" అన్నాడు. అక్క కూడా నమ్మింది. అయ్యో బాపు పెట్టె అని రెండు రోజులు బాధపడింది.

నేను నమ్మలేదు. దాగుడుమూతలాడుతూ లోపలి గదిలో బొంతల కిందికి దూరితే పెట్టె తగిలింది. గాలి తిత్తి అంతా తడిమి చూశాను. ఒక్క చిల్లు లేదు.

ఒక మధ్యాహ్నం కార్వాన్ నుంచి ఒక నగల సేఠ్ వచ్చి, కొడుకు పెళ్లికి కచేరీ కావాలన్నాడు. జ్వరం తర్వాత వచ్చిన మొదటి పిలుపు అది. అక్క ఆత్రంగా దిల్‌రుబా తెచ్చుకుని, తలుపు చాటున కూర్చుని శ్రుతి చేసింది. పెద్దన్న కలిపాడు. "ఏదీ భాయ్, ఇగ పెట్టె నొక్కుండ్రి. గా సురు కలిసేది ఇననీకే ఇంత దూరమొచ్చిన" అన్నాడు సేఠ్. చిన్నన్న ఎలుకల కథ చెప్పాడు. సేఠ్ ముఖం చిన్నబోయింది. పిలుపు ఎక్కడ తప్పిపోతుందోనని నాకు భయం వేసింది. పరుగెత్తి వెళ్లి పెట్టెను ఈడ్చుకొచ్చాను. "ఎలుకలు కొరకలే! మంచిగనే ఉన్నది, సూడుండ్రి" అని 'సా' మెట్టు నొక్కాను.

కలవలేదు. అక్క తీగ చాలా కింద ఉంది.

అసలు సంగతి తర్వాత పెద్దన్న చెప్పాడు. జ్వరం తర్వాత అక్క 'సా' రోజురోజుకీ దిగుతూ వచ్చిందట. అది ఆమెకు తెలియకూడదని పెద్దన్న రోజూ తన తీగలను ఆమె దాకా వదులు చేసుకునేవాడు. చిన్నన్న తబలాను కూడా అంతే దించేవాడు. హార్మోనియం ఒక్కటే దిగదు, దాని మెట్ల స్వరం మార్చలేం. అందుకే దానికి ఎలుకలు పట్టాయి.

అక్కకు ముందు తెలిసింది శబ్దం కాదు, మా ముఖాలు. ఏనాడూ పరాయివాళ్ల ముందుకు రాని మనిషి తలుపు దాటి వచ్చింది. పెట్టె చెక్కకు చెంప ఆనించి, "ఇంకోపారి నొక్కు బిడ్డా" అంది. నొక్కాను. నాదం ఆగేదాకా చెంప తీయలేదు. తర్వాత లేచి నా నెత్తి నిమిరింది. "ఎలుకలు కొరికినదే సేఠ్‌జీ, సురు తప్పింది. చిన్నపోరికేం ఎరుక" అంది. సేఠ్ ముందు అన్నదమ్ముల మాట పోకుండా ఆ అబద్ధాన్ని తను ఎత్తుకుంది.

ఆ సాయంత్రమే దిల్‌రుబాను గుడ్డలో చుట్టి అటకెక్కించింది. మీరిద్దరూ ఆ పెళ్లి కచేరీకి వెళ్లండని అన్ననూ తమ్ముణ్ణీ బతిమాలింది. వాళ్లు వెళ్లలేదు. పెద్దన్న మాదన్నపేటలో పిల్లలకు సితార్ పాఠాలు చెప్పుకున్నాడు, చిన్నన్న బట్టల దుకాణంలో కుదిరాడు. ముగ్గురూ కలిసి మళ్లీ వాయించలేదు. అక్క వంటింట్లో మూడేళ్లు బతికింది. జ్వరం తిరగబెట్టి పోయిందన్నారు. అదీ నేను నమ్మలేదు, కమాను వదిలిన దిగులే అనుకున్నాను.

ఎవరూ నన్ను పల్లెత్తు మాట అనలేదు. తిట్టినా బాగుండేది. ఏడుస్తూ వెళితే పెద్దన్న, "నిజమే చెప్పినవ్ గదా బిడ్డా, నిజం చెప్పి ఏడుస్తరా" అని తన కళ్లు తుడుచుకున్నాడు.

ఇప్పుడు నాకు ఎనభై దాటాయి. నోరు ఇంకా తగ్గలేదు, కావాలంటే మా కోడళ్లను అడగండి. కానీ ఎవరైనా నా ముందు అబద్ధమాడితే మాత్రం, నిజం నాలుక చివరిదాకా వచ్చినా ఆగుతాను. ఆ అబద్ధం ఎవరికోసమో ముందు చూస్తాను. ఈ మాత్రం నేర్చుకోవడానికి నేను అక్క చేతిలోంచి కమాను లాగేశాను. ఎక్కడ హార్మోనియం వినిపించినా పెట్టెకు ఆనించిన ఆ చెంప గుర్తొస్తుంది. ఆనాడు మెట్టు నొక్కిన నా కుడిచేతి చూపుడువేలు దానంతటదే ముడుచుకుంటుంది.