చేదు దిగని ఉప్పు

ఈ ముసురుకు జాడీలో కల్లుప్పు మళ్లీ చెమ్మగిల్లింది. ఉప్పు పండించే కొఠార్ల పక్కన పెరిగినవాళ్లారా, గుర్తుందా? కొత్త ఉప్పును కుప్పపోసి, చేదు నీళ్లన్నీ కారిపోయేదాకా ఇంటికి తెచ్చేవాళ్లం కాదు. అమ్మ నా గుప్పిట్లో నాలుగు రాళ్లు పెట్టి మూసేది. కాసేపాగి, "చెయ్యి తడిసిందా మే?" అనేది. తడిస్తే, "చేదింకా దిగలా, ఉండనీ" అనేది.

పొడిగా నిలిచేది సోడియం క్లోరైడ్, గాలిలో తేమను పీల్చుకునే ఆ చేదేమో మెగ్నీషియం క్లోరైడ్ అని తర్వాత బళ్లో చదివాను.

పోయిన ఎండాకాలం, తను పోసిన చివరి కుప్పలో చేదు దిగకముందే అమ్మ పోయింది. ఎవరూ ఆగలేదు, పచ్చి ఉప్పే లారీకెత్తేశారు. అందులో నాకు ఈ జాడీడు ఉప్పు మిగిలింది. కూరలో వేయలేను, పారబోయలేను.

ఇవాళ నాలుగు రాళ్లు తీసి గుప్పిట మూశాను.

తడిసిందమ్మా అని ఎవరికి చెప్పను?