ఛాతీ ఎత్తులో తీసిన లెక్క

రిటైర్మెంటుకు ఇంకా నాలుగేళ్లు ఉన్నాయనగా, జూన్ మొదటి వారంలో నన్ను జిన్నారం దగ్గరి మా సంస్థ పైన్ చెట్ల ప్లాటుకు పంపారు. నేను కలప విభాగం సైంటిస్టును. పటాన్‌చెరు ల్యాబ్‌లో చెక్క ముక్కల్ని ఎండబెట్టడం, తూకం వేయడం, ఎంత బరువుకు విరుగుతాయో చూడడం నా ఉద్యోగం. చెట్టు చెక్కయ్యాకే నాకు పరిచయం. అంతకు ముందు దాని బతుకేమిటో నేనెప్పుడూ పట్టించుకోలేదు.

ఈ ఎండల్లో పైన్ ఏమిటని అందరూ అడిగేవారు. ఇక్కడి ఫ్యాక్టరీలకు వచ్చే యంత్రాలు చాలావరకు పైన్ పెట్టెల్లోనే దిగుతాయి. ఆ చెక్కేదో ఇక్కడే పెంచలేమా అని మా వాళ్ల ఆశ. రెండెకరాల్లో నాటారు. చెట్లు బతికాయి గానీ, అంతకు మించి ఉత్సాహం చూపలేదు.

నా పని వాటి వయసు సరిచూడడం. దానికి బోలు బరమా ఒకటి ఉంటుంది. కాండంలోకి తిప్పితే, చెట్టును నరకకుండానే పెన్సిలంత సన్నటి చెక్క పుల్ల బయటికి వస్తుంది. దాని మీద లేత చార, ముదురు చార జతలుగా కనిపిస్తాయి. ఒక జత అంటే ఒక ఏడాది. చెట్టు లావు కొలిచేది ఛాతీ ఎత్తులో కాబట్టి పుల్ల కూడా అక్కడే తీశాను. ఇరవై చెట్లలో తీస్తే తొమ్మిదేసి జతలు వచ్చాయి. రిజిస్టర్‌లో మాత్రం నాటి పన్నెండేళ్లయినట్టుంది.

చచ్చిన మొక్కల స్థానంలో ఎవరో గుట్టుగా కొత్తవి నాటారని తేల్చేశాను. ఆ ఎవరో ఇంకెవరు, ప్లాటు చూసుకునే పోశమ్మ. మొదటి రోజు నుంచీ కాపలా, నీళ్లు, కలుపు అన్నీ ఆమెవే. పావు పేజీ రిపోర్టు రాసి డైరెక్టర్ గారికి పంపాను. నాలుగో రోజుకల్లా, ఆమె కాంట్రాక్టు నెలాఖరుతో ఆపేస్తున్నట్టు ఆర్డరు వచ్చింది. నా సంతకం అంత చురుగ్గా పనిచేయడం సర్వీసు మొత్తంలో అదే మొదటిసారి.

మిగిలిన చెట్ల కోసం మళ్లీ వెళితే పోశమ్మే గేటు తీసింది, మంచినీళ్లు ఇచ్చింది. నాలుగు తిట్టి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. బరమా తిప్పుతుంటే పక్కన నిలబడి, ఆ పుల్ల ఏం చెప్తుందని అడిగింది. చెప్పాను.

"మరి గీ ఎత్తుల ఎందుకు గుచ్చుతున్నరు మేడం? గీడిదాంక రానీకే దీనికి మూడేండ్లు పట్టె. రెండేండ్లు నా మోకాలు సుత దాటలె. ఎదిగినకాడికెళ్లి లెక్కవెడితే, పుట్టినకాడి లెక్క యాడ దొరుకుతది?"

నా చేతిలో బరమా ఆగిపోయింది. చెట్టు ఆ ఎత్తుకు రాకముందు గడిచిన ఏళ్లు ఆ ఎత్తులోని చెక్కలో ఉండవు. పెరుగుదల విభాగం వాళ్లు అందుకే కొన్నేళ్లు కలిపి రాస్తారట. ముప్పై ఏళ్ల సర్వీసూ ఒక డాక్టరేటూ ఉన్న నేను కలపలేదు.

చెట్టు మొదలు దగ్గర తీద్దామంటే బరమా పిడి నేలకు తగిలి తిరగదు. పోశమ్మ పార తెచ్చి గుంత తవ్వింది. నేను చీర కొంగు దోపుకుని, బోర్లా పడుకుని, జానెడు ఎత్తులో పుల్ల తీశాను. దాన్ని తడిపి ఇస్తే ఆమె అగ్గిపుల్ల మొనతో లెక్కపెట్టింది. ఒక సన్నటి చార దగ్గర ఆగింది.

"గిది బోరు ఎండిన ఏడు. బిందెలతోని పోసిన."

పదకొండు వచ్చాయి. ఇంకొకటి ఏదని అడిగాను. ఈ జానెడు ఎదగడానికి దానికి ఒక ఏడాది పట్టదా అని ఆమె తిరిగి నన్నే అడిగింది. మరో అయిదు చెట్లు చూశాం. అన్నిటిలోనూ పదకొండే.

ఇదంతా ముందే ఎందుకు చెప్పలేదన్నాను.

"ఎవలన్న అడిగిన్రా మేడం? కాయితం ఇచ్చిన్రు, తీస్కున్న."

నాకు సిగ్గేసింది. ఆ సాయంత్రమే రెండో రిపోర్టు రాశాను. సాంకేతిక సవరణ అని రాస్తే సరిపోతుందని డైరెక్టర్ గారు సలహా ఇచ్చారు. తప్పు నాదనీ, దాన్ని పట్టుకున్నది పోశమ్మ అనీ రాసి సంతకం చేశాను. ఈ సంతకం అంత చురుగ్గా పనిచేయలేదు. ఆర్డరు రద్దు కావడానికి మూడు వారాలు, నేను ఆఫీసు చుట్టూ పదిసార్లు తిరగడం పట్టింది. నేను రిటైరయ్యేనాటికి పోశమ్మ ఇంకా ఆ ప్లాటులోనే ఉంది.

చెట్టు వయసు చెప్పేముందు ఏ ఎత్తులో చూశామో చెప్పాలి. మనిషి మీద రాసేముందు ఆ మనిషిని అడగాలి. మొదటిది పుస్తకాల్లోనే ఉంది, నేను చదవలేదు. రెండోది నాకు తెలుసు, చేయలేదు.