బావి తాబేలుకు రెండో సూది

నీళ్ళు శుభ్రంగా ఉంటాయని ఎమ్మిగనూరులో మా పెరటి బావిలో తాబేలును పెంచేవాళ్ళం. జారిపడిన బిందె కోసం నాయన కొక్కేల గుత్తి దించితే, ఒక కొక్కెం దాని వెనకకాలిలో దిగబడింది. కాలు కుళ్ళింది. తీసేయకపోతే చచ్చిపోతుందని, తడిగోనెలో చుట్టి బస్సులో ఆదోని పశువుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం.

ఆయనకు ఎద్దులే అలవాటు. తాబేలు నోరు చూసి జడిసి, మత్తుమందును రెండో వెనకకాలి నరంలోకి ఎక్కించాడు. చాలాసేపు కాచుకున్నాం. అది మెడ సాచి మావైపే చూస్తోంది.

"చల్లనెత్తురు జంతువు. నొప్పి తెలీదులే" అని కత్తి తీశాడు.

కత్తి తగలగానే కాలు గుంజుకుంది. నొప్పి తెలియనిదైతే ఎందుకు గుంజుకుంటుంది? నాకు ఒళ్ళు మండిపోయింది. కాలేజీలో చదివే అన్న జంతుశాస్త్రం పుస్తకం నేను చాటుగా చదివాను. ఇలాంటి జీవుల్లో వెనకకాళ్ళ నెత్తురు ముందు మూత్రపిండాల్లోకి, కాలేయంలోకి పోయి, ఆ తర్వాతే గుండెకు చేరుతుందని అందులో ఉంది. దారిలోనే వడకట్టుకుపోతే మందు తలకెక్కేదెట్లా?

"నాయనా, సూది మెడకాడ వెయ్యమను" అన్నాను మెల్లగా.

"నోరు మూసుకోమే. ఆయప్ప సదివినోడు."

"నేనూ సదివినా!"

నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. డాక్టరు నవ్వాడు. "మరి తల పట్టుకునేదెవరమ్మా? నువ్వా?"

నేనే పట్టుకున్నాను. పైటచెంగు చేతికి చుట్టుకుని, దవడల వెనక బిగించి పట్టాను. ఇక తప్పక, మందు కాస్త తగ్గించి మెడనరంలోకి ఎక్కించాడు. కాసేపటికి తల నా అరచేతిలో బరువుగా వాలింది. ఈసారి కత్తి ఆడినా కాలు కదలలేదు.

చేతులు కడుక్కుంటూ ఆయన నాయనతో అన్నాడు: "మొదటి సూదే ఇప్పుడు పనిచేసింది. చల్లనెత్తురు కదా, నిదానం."

"మీ సెయ్యి మంచిదప్పా" అన్నాడు నాయన.

గాయం మానేదాకా తొట్టిలో ఉంచి, మళ్ళీ బావిలో వదిలాం. నీళ్ళకొచ్చిన ప్రతి ఒక్కరికీ నాయన ఆ డాక్టరు గొప్ప చెప్పేవాడు. పళ్ళు బిగపట్టి వినేదాన్ని. ఒకరోజు బావి దగ్గర ఆడవాళ్ళందరూ ఉండగా చేదతాడు వదిలేసి అన్నాను:

"మొదటి సూది పని సెయ్యలేదు. కాలు గుంజుకునింది. నువ్వూ సూసినావు నాయనా."

నాయన నిండని బిందె ఎత్తుకుని లోపలికి పోయాడు.