మేము సున్నం పూసిన రెండో సమాధి

సమాధుల తోటలో నన్ను కొట్టిన మనిషి అప్పటికి మూడేళ్లుగా నా స్నేహితుడు. దెబ్బ ఎడమ దవడ మీద పడింది. ఇప్పటికీ గట్టిది ఏదైనా నమిలితే అక్కడ కలుక్కుమంటుంది. తప్పంతా ఆయనదేనని చాలామంది అన్నారు. నేను అనను.

మా చుట్టుపక్కల చర్చిల వాళ్లం ఓ ఇరవై మందిమి కలిసి కుటుంబ చరిత్రల సంఘం పెట్టుకున్నాం. నెలకో ఆదివారం, ఆరాధన అయ్యాక, చర్చి వెనక గదిలో కూడతాం. బాప్తిస్మం రిజిస్టర్లు, పెళ్లి రిజిస్టర్లు చెదలు తినకముందే నకలు రాసుకుంటాం. ముసలివాళ్ల దగ్గర కూర్చుని వాళ్ల మాటలు ఫోన్లో రికార్డు చేస్తాం. ఎవరి వంశవృక్షం వాళ్లు చార్టు మీద గీసి గోడకు తగిలిస్తే మిగతావాళ్లు తప్పులు పడతారు. అప్పుడు చూడాలి మా రభస, పెళ్లి పందిట్లో వియ్యాలవారు కూడా అంత గొంతులు చించుకోరు. మా కార్యదర్శి రిటైరైన టీచరమ్మ. బెత్తం లేకుండానే మా అందరినీ అదుపులో పెడుతుంది.

మాకొక పద్ధతి ఉండేది. సమాధుల పండుగ రోజున నోటు పుస్తకాలు పట్టుకుని తోటలో నిలబడి, ఏ సమాధికి ఎవరు సున్నం పూస్తున్నారో రాసుకునేవాళ్లం. సున్నం పూసినవాళ్లే వారసులు. రాళ్ల మీది అక్షరాలు ఏళ్ల తరబడి పూసిన సున్నం కింద పూడిపోయాయి కాబట్టి ఇంతకంటే మంచి ఆధారం ఉంటుందని మాకు తోచలేదు.

మా ఇంటివాళ్లం రెండు సమాధులకు పూస్తాం. ఒకటి మా తాతది. రెండోది ఎవరిదని చిన్నప్పుడు అడిగితే మా జేజి, అంటే నాయనమ్మ, "మనదేలేరా, పూయి" అనేది. ఇంకో మాట అడిగితే వీపు మీద ఒకటిచ్చేది. మా ఇంట్లో జవాబులన్నీ వీపు మీదే పడేవి. తాత జేజిని కొట్టాడు, జేజి మా నాయనను కొట్టింది, నాయన నన్ను బెల్టుతో కొట్టాడు. అందుకని ఎక్కువ అడగకుండా, అది మా పెదతాత సమాధి అయ్యుంటుందని నాకు నేనే ఊహించుకుని చార్టు మీదికి ఎక్కించాను. ప్రతిదానికీ తగువులాడే మా సంఘం ఆ ఒక్కదానికి మాత్రం తల ఊపింది.

మా సంఘానికి నాయుడుపేట నుంచి ఒకాయన వచ్చేవాడు. నా ఈడువాడే, యాభై దాటింది. ఆయన తాతను మా ఊళ్లోనే ఎవరో చంపారట. నాయనమ్మ చంటిబిడ్డను చంకనేసుకుని నాయుడుపేటలో పుట్టింటికి పోయి, మళ్లీ ఇటు తిరిగి చూడలేదు. చంపిందెవరో, ఎట్లా చంపారో ఆ కొడుక్కి చెప్పకుండానే కన్నుమూసింది. కొడుకు, అంటే ఈయన తండ్రి, తెలుసుకోవాలని తపించి తపించి పోయాడు. "సమాధి ఒక్కటి దొరికితే చాలన్నా. మా నాయన బదులు నేను పోయి నిలబడతాను" అనేవాడు నాతో. మూడేళ్లు తోటలో ప్రతి రాయీ వెతికాడు. మా రెండో సమాధి జోలికి మాత్రం రాలేదు. అది మాదని పుస్తకంలో రాసి ఉంది మరి.

పోయినేడు రాళ్లు చదవాలని సంఘం తీర్మానించింది. ఎవరు పూసిన సున్నం వాళ్లే గీకాలి. నేను తాపీ పట్టుకుని కూర్చుంటే సాయానికి ఆయనే వచ్చాడు. తాత రాయి అయిపోయింది, రెండోది మొదలుపెట్టాం. సున్నం అట్టలు అట్టలుగా లేచింది. తాత రాయి మీదకంటే దీని మీద రెండింతల మందం ఉంది. ముందు పై వరుస బయటపడింది. అక్కడ ఉన్నది ఆయన తాత పేరు.

"అన్నా, ఆగు" అని ఆయన రెండు చేతులతో రాయిని పట్టుకున్నాడు. నేను ఆగి ఉండాల్సింది. ఆత్రం కొద్దీ కింది వరుస కూడా గీకాను. ఇంటిపేరుతో సహా మా తాత పేరు వచ్చింది. దాని పక్కన "చేత పార దెబ్బలకు హతుడై ప్రభువునందు నిద్రించెను" అని ఉంది. ఆ వరుస కనబడకుండా ఉండటానికే జేజి ఏటేటా పూసింది, మా చేత పూయించింది.

"నీకు తెలుసు" అన్నాడాయన.

"తెలీదబ్బా, దేవుని తోడు."

దవడ మీద దెబ్బ పడి వెల్లకిలా పడ్డాను. తల తాత సమాధికి కొట్టుకుంది. ఆయన నా రొమ్ము మీద కూర్చుని, "మూడేళ్లు నా పక్కన కూచోని టీ తాగినావు కదరా" అంటూ రెండు చేతులా కొట్టాడు. నోట్లోకి నెత్తురు వచ్చింది. నా చేతిలో తాపీ ఉంది. దాన్ని అడ్డంగా తిప్పి కొట్టాను. ఆయన కనుబొమ దగ్గర్నుంచి చెవి దాకా తెగి, నెత్తురు నా మొహం మీదే కారింది. ఆయన పక్కకు ఒరిగాడు. నేను లేచి రెండోసారి తాపీ ఎత్తాను. అది నన్ను కాపాడుకోవడానికి కాదు. నాకు చంపాలనిపించింది. ఆ క్షణం నాకెంత హాయిగా ఉందో రాయడానికి సిగ్గుగా ఉంది.

టీచరమ్మ పరిగెత్తుకొచ్చి నా మణికట్టు రెండు చేతులతో పట్టుకుంది. "ఆ రాయి మీద నీ పేరు కూడా చెక్కించుకుంటావా?" అని అరిచింది. తాపీ అప్పుడు జారిపోయింది.

ఇద్దర్నీ ఒకే ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయారు. కుట్లు వేయించుకుని వచ్చి ఆయన నా బెంచీ మీదే, ఆ చివర కూర్చున్నాడు. నా వైపు చూడకుండా, "ఎట్ల చంపినాడో చెప్పే మనిషి ఎవరన్నా బతికుండారా?" అన్నాడు.

ఉంది. మా మేనత్త, ఇందుకూరుపేట దగ్గర పల్లెలో ఉంటుంది. రాయి మీద వేసిన ఏడాదిని బట్టి లెక్క కడితే, అప్పుడామెకు ఏడేళ్లు.

మర్నాడు ఇద్దరం పోయాం. ఆయన ఎవరో నేను చెప్పగానే అత్త తన కుర్చీ ఆయన ఎదురుగా లాక్కుని కూర్చుంది. ఆయన ఫోను రికార్డులో పెట్టాడు.

"పొద్దున పూట, ఊళ్లో మా పుట్టింటి వాకిట్లోనేనయ్యా. కాలవ నీళ్లు మళ్లించినాడని మా నాయన పార తీసుకున్నాడు. ముందు కాళ్ల మీద ఏసినాడు. మీ తాత పడిపోయినాడు. మా అమ్మ అడ్డం పోతే ఆమెను తన్నినాడు. నేను అరుగు మీద నిలబడి చూస్తా ఉండా."

"మా తాత ఏమన్నా అన్నాడా అమ్మా?"

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తీసేసింది.

"అన్నాడయ్యా. నా పక్క చూసి, 'నువ్వు లోపలికి పో పాపా, చూడబాక' అన్నాడు. అనంగానే మా నాయన మళ్లా ఎత్తినాడు."

ఆయన ఫోను ఆపి, లేచి వాకిట్లోకి పోయాడు. గోడకు తల ఆనించుకుని పెద్దగా ఏడవడం మాకు వినబడుతూనే ఉంది. "పోరా, పోయి పట్టుకో" అంది అత్త. ఆ వాకిట్లోకి అడుగు పెట్టే మొహం లేక నేను లోపలే కూర్చున్నాను.