పేలుడు పదార్థాల పేజీ

గోదావరిఖనిలో మా కాలనీ గ్రంథాలయానికి కంప్యూటర్లు వచ్చిన కొద్ది నెలలకే ఫిర్యాదులు మొదలయ్యాయి. కుర్రాళ్లు రమ్మీ ఆడుతున్నారని, చూడరానివి చూస్తున్నారని. చదువు ఉన్న చోట కాపలా ఉండాలన్నది మన సమాజంలో ఎవరూ ప్రశ్నించని నమ్మకం. నేను ప్రశ్నించాను. గ్రంథాలయ కమిటీలో నాది ఒక్క ఓటే. మంచిర్యాల నుంచి టెక్నీషియన్‌ను పిలిపించారు.

అతను రౌటర్‌కూ కంప్యూటర్లకూ మధ్య ఫైర్‌వాల్ పెట్టె పెట్టి, దానికి వెబ్ ఫిల్టర్‌ను జతచేశాడు. ఎవరు ఏ పేజీ అడిగినా ఫైర్‌వాల్ ముందు ఫిల్టర్‌ను సంప్రదిస్తుంది. అది ఒప్పుకుంటేనే దారి వదులుతుంది. ఏ రకం పేజీలు మూయాలో తెర మీద చూసి చదివాడు. జూదం. అశ్లీలం. ఆయుధాలు, పేలుడు పదార్థాలు.

"మూసెయ్ తమ్మీ, అన్ని మూసెయ్" అన్నారు పెద్దలు. అన్నవాళ్లలో చాలామంది బొగ్గుబావుల్లో రిటైరైనవాళ్లు. అధ్యక్షుడు షాట్‌ఫైరర్‌గా చేసినవాడు. బొగ్గులో మందు కూరి పేల్చడమే ఆయన డ్యూటీ. తమ జీవితకాలపు పనిని తామే మూసేయిస్తున్నామని ఒక్కరికీ తట్టలేదు.

ఆ వారమే ఒక అమ్మాయి వచ్చింది. బావి కార్మికుని కూతురు, మైనింగ్ డిప్లొమా చదివింది. బావిలో పనివాళ్ల భద్రత చూసే సర్దార్ పరీక్షకు తయారవుతోంది, పరీక్ష దగ్గరపడింది. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను ఆమె అన్న జేబులో ఉంటుంది. పేలకుండా మిగిలిపోయిన మందును ఎలా పసిగట్టాలో చెప్పే పాఠం తెరిస్తే, తెరంతా ఎర్రటి హెచ్చరిక.

"ఏంది కాకా ఇది? నేనేమన్న బాంబులు చేస్తున్ననా?" అని అధ్యక్షుణ్ని నిలదీసింది.

"నిన్నెవరన్నరు బిడ్డా! ఫికర్ చెయ్యకు."

టెక్నీషియన్‌కు ఫోన్ చేశాం. అతను మంచిర్యాలలో కూర్చునే ఫిల్టర్‌లో ఆ పాఠాలకు మినహాయింపు ఇచ్చాడు. పేజీ తెరుచుకోలేదు.

"పిల్లకు రాసిపెట్టి లేదేమో" అన్నాడొక సభ్యుడు. యంత్రం ముందు నిలబడి కూడా తలరాతను తలుచుకోగల జాతి మనది. అసలు కారణం మామూలుది. అదే నిషేధం ఫైర్‌వాల్‌లోనూ విడిగా ఒక నియమంగా ఉంది. రెండు తాళాల్లో అతను ఒక్కటే తీశాడు.

రెండోది తీయడానికి కమిటీ షరతు పెట్టింది. ఆమె ఆ పేజీలు చదువుతున్నంతసేపూ ఒక సభ్యుడు వెనక కూర్చోవాలి. మగపిల్లాడు అడిగితే ఈ షరతు పెట్టేవారా అని అడిగాను.

"కూసుండుమనున్రి" అంది ఆమె. "రేపు బాయిల మందు పేలకుంటే, అక్కడ గూడ నా ఎన్క కూసుంటరా?"

"బాయిల ఎవ్వడు కూసోడు. సర్దారే ముందట పోవాలె" అన్నాడు అధ్యక్షుడు, అలవాటుగా. అంటూనే టెక్నీషియన్‌కు ఫోన్ కలిపాడు.

"తమ్మీ, అది గూడ తియ్యి. జల్ది."

"మరి కమిటీ తీర్మానం, కాకా?" అన్నాడు ఫోన్‌లో టెక్నీషియన్.

"తర్వాత రాసుకుంటం తియ్యి."

ప్రజాస్వామ్యంలో అది పద్ధతి కాదు. నేను అభ్యంతరం చెప్పలేదు. పేజీ తెరుచుకుంది. సభ్యులు షరతు మీద ఇంకా వాదించుకుంటుండగానే ఆమె చదవడం మొదలుపెట్టింది. ఆమె వెనక ఎవరూ కుర్చీ వేసుకోలేదు.