ఊ కొట్టని ఫోన్

మా ఇంట్లో కథ చెబితే వినేవాళ్ళు ఊ కొట్టాలి. ఊ ఆగిందంటే నిద్రపోయారని లెక్క, కథను అక్కడికి చుట్టేస్తాం. నిద్రపోయినవాళ్ళకు కథ చెప్పడమూ, మనిషి లేని గదిలో ఫ్యాను తిప్పడమూ ఒకటే. నాకు రెండూ గిట్టవు.

మా అత్త చెప్పిన కథ ఒకటుంది. చెరువు ఎండిపోతే ఒక కోడలు వానను వెతుక్కుంటూ గుట్టలు దాటి పోతుంది. వాన ఇల్లు కనిపెట్టి, బతిమాలి, తిట్టి, చివరికి వెంటబెట్టుకుని వస్తుంది. గడపలో అత్త ఆమె కాళ్ళు కడుగుతుంది. మా అత్త నా కాళ్ళు ఎన్నడూ కడగలేదు గానీ కథ మాత్రం అలాగే చెప్పేది.

ఒక మధ్యాహ్నం నేను చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతుంటే, డిగ్రీ చదివే మనుమరాలు వెనక మంచం మీద కూర్చుని ఆ కథ చెప్పమంది. మొదలుపెట్టాను. కోడలు రెండో గుట్ట ఎక్కినా వెనక నుంచి ఊ లేదు. పిల్ల పడుకుందనుకుని, "పాయె, మళ్ళ రాలె" అని ముగించేశాను. తిరిగి చూస్తే ఫోన్ పట్టుకుని మేలుకునే ఉంది. రికార్డులో తన గొంతు పడకూడదని నోరు మూసుకుందట. నేను తిట్టేలోపే కథ చుట్టాలందరి వాట్సాప్ గ్రూపుకు పోయింది.

సాయంత్రం హుజూర్‌నగర్ నుంచి నా తోడికోడలు ఫోన్ చేసింది.

"అక్కా, కథల గా కోడలిని ఎందుకు చంపినవ్?"

"నేనెక్కడ చంపిన? రాలేదన్న, గంతే."

"రాకపోతె వాన ఎట్లొస్తది? నా మనుమలకు మంచిగ చెప్తే, ఫోన్ల గట్ల లేదవ్వా అని నన్నే దిద్దుతున్నరు."

ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. మేమిద్దరం పోయాక పిల్లల దగ్గర మిగిలేది ఆ ఫోన్ కథే. అందులో కోడలు గుట్టల్లోనే తిరుగుతూ ఉంటుంది.

పొద్దున్నే ఆ రికార్డును గ్రూపులోంచి తీసెయ్యమని మనుమరాలితో అన్నాను.

"అందరు దాచుకున్నరు అవ్వా. మళ్ళ మొదటి సంది చెప్పు."

"చెప్పిన సగం ఎందుకు పారేస్త? ఆడికెల్లి చెప్త. నువ్వు ఊ అనకపోతె నేను లేస్త."

మనుమరాలు నా చిన్న ఫోన్‌లో తోడికోడలిని కలిపి, తన ఫోన్‌లో రికార్డు పెట్టింది. ఇద్దరూ ఊ కొట్టారు. కోడలు వానను కొంగున ముడేసుకుని ఊరి పొలిమేరకు వచ్చింది.

"కొంగున కాదక్కా, కుండల. కొంగు నానదా?"

"నాననీ. వాన గాదా అది?"

"అత్త కుండనే చెప్పింది."

"నువ్వు పండుకొని విన్నవ్."

"జర ఆగుండ్రి," అంది మనుమరాలు. "ముందు గామెను లోపలికి రానియ్యుండ్రి."

రానిచ్చాం. కాళ్ళు కడిగించాం. మా కొట్లాటతో సహా అంతా గ్రూపుకు పోయింది. మోత్కూర్ చుట్టాలు కుండ అంటున్నారు, మా తిరుమలగిరి వాళ్ళు కొంగు అంటున్నారు. ఇంకా తెగలేదు. రాలేదని మాత్రం ఎవరూ అనడం లేదు.